650 డాలర్ల మోటారే అన్నిటికంటే ఖరీదు! అమెరికాలో స్విమ్మింగ్ పూల్ పంప్ పాడైతే అసలు ఖర్చు ఎంత?

మా బావ అమెరికా నుంచి వీడియో కాల్ చేశారంటే రెండే కారణాలు ఉంటాయి. ఒకటి, కొత్త ఫోన్ ఏది కొనాలి. రెండు, పాత ఫోన్ ఎందుకు స్లో అయింది. 2025 జూలైలో ఒక మంగళవారం సాయంత్రం ఆరున్నరకి కాల్ వస్తే నేను ఈ రెండిట్లో ఏదో ఒకటే అనుకున్నా. తీరా చూస్తే స్క్రీన్ మీద ఒక నల్లటి మోటారు. "మ్‌మ్‌మ్" అని నాలుగు సెకన్లు మూలిగి, టక్కుమని బ్రేకర్ పడిపోయింది.

"ఇదిరా పరిస్థితి. పూల్ పంప్ పోయింది. శనివారం పాప పుట్టినరోజు, పదిహేను మంది పిల్లలు వస్తున్నారు. పూల్ కంపెనీ వాడు 2,150 డాలర్లు అంటున్నాడు. ఈరోజే ఓకే చెప్తే వంద తగ్గిస్తాడట. నువ్వు బీటెక్ చదివావు కదా, ఏం చేయాలో చెప్పు" అన్నారు.

అక్కావాళ్లు ఉండేది డల్లాస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో. అక్కడ జూలై అంటే 38 డిగ్రీల ఎండ. పంప్ ఆగితే నీళ్లు తిరగవు, ఫిల్టర్ పని చేయదు, రెండు మూడు రోజుల్లో పూల్ పచ్చబడటం మొదలవుతుంది. అంటే ఫోన్ లాగా "సేల్ వచ్చేదాకా ఆగుదాం" అనే ఆప్షన్ లేదు. ఆ నాలుగు రోజుల్లో మేం చేసిన రీసెర్చే ఈ ఆర్టికల్. అమెరికాలో ఉన్న మన ఫ్రెండ్స్‌కి నేరుగా పనికొస్తుంది. ఇక్కడ ఉన్నవాళ్లకి కూడా ఒక మోటారుని ఎలా రివ్యూ చేయాలో అర్థమవుతుంది.

ముందు ఒక క్లారిటీ: పంప్ వేరు, మోటారు వేరు

పూల్ పంప్ అంటే రెండు ముక్కలు. ముందు భాగంలో నీళ్లు ఉంటాయి: చెత్త పట్టే బుట్ట, నీటిని నెట్టే ఇంపెల్లర్, వాటి చుట్టూ ప్లాస్టిక్ బాడీ. దీన్ని అక్కడ వెట్ ఎండ్ అంటారు. వెనక భాగం మోటారు. రెండింటినీ బోల్టులు కలుపుతాయి. మధ్యలో నీళ్లు మోటారులోకి పోకుండా షాఫ్ట్ సీల్ అనే చిన్న పార్ట్ ఉంటుంది.

మోటారు పోయినంత మాత్రాన పంప్ మొత్తం పోయినట్టు కాదు. ఫోన్ బ్యాటరీ పోతే ఫోన్ మొత్తం మార్చం కదా, అలాగే. కానీ సర్వీస్ కంపెనీలు చాలాసార్లు పంప్ మొత్తానికే కొటేషన్ ఇస్తాయి. వాళ్లకి కొత్త సెట్ బిగించడం తేలిక, వారంటీ గొడవ ఉండదు. అది మోసమని నేను అనను. కానీ అది మనకున్న ఒకే ఒక్క ఆప్షన్ కూడా కాదు.

డయాగ్నసిస్: నేను తప్పు, నాన్న కరెక్ట్

మూలుగుతోంది కానీ తిరగడం లేదు అనగానే నేను "కెపాసిటర్ పోయింది బావా, 20 డాలర్లలో అయిపోతుంది" అన్నా. మన దగ్గర మెకానిక్కులు కండెన్సర్ అంటారే, అదే. సింగిల్ ఫేజ్ మోటారు స్టార్ట్ అవ్వడానికి కావాల్సిన మొదటి తోపు అదే ఇస్తుంది. అది పోతే మోటారు సరిగ్గా ఇలాగే మూలుగుతుంది.

పక్క గదిలోంచి నాన్న వచ్చారు. ఆయన పాతికేళ్లు పొలంలో మోనోబ్లాక్ మోటార్లతో కుస్తీ పట్టిన మనిషి. "అల్లుడుగారూ, ఆగిపోయే ముందు కీచుమని అరిచిందా?" అని అడిగారు.

"రెండు వారాల నుంచి అరుస్తోంది మామయ్యగారూ."

"అయితే బేరింగ్ పట్టేసింది. కింద తడి ఉందేమో చూడండి."

బావ ఫోన్ కిందకి తిప్పారు. పంప్ కింద సిమెంట్ దిమ్మ మీద తుప్పు రంగు మరక. మార్చి నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోందని, పట్టించుకోలేదని అప్పుడు ఒప్పుకున్నారు.

కన్ఫర్మ్ చేసుకోవడానికి ఒక టెస్ట్ ఉంది. బ్రేకర్ ఆఫ్ చేసి, మోటారు వెనక మూత తీసి, షాఫ్ట్ చివర రెంచ్‌తో తిప్పాలి. ఫ్రీగా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీద. అసలు కదలకపోతే బేరింగ్ పట్టేసినట్టు, లేదా ఇంపెల్లర్‌లో ఏదో ఇరుక్కున్నట్టు. ఒక్క జాగ్రత్త: బ్రేకర్ ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది, దాని టెర్మినల్స్ ముట్టుకోవద్దు. బావ తిప్పి చూశారు. కదల్లేదు. ఇంపెల్లర్ క్లీన్‌గానే ఉంది. నాన్న చెప్పిందే నిజం.

జరిగింది ఇదీ. షాఫ్ట్ సీల్ అరిగింది. నీళ్లు మెల్లగా ముందు బేరింగ్‌లోకి చేరాయి. బేరింగ్ తుప్పు పట్టి అరిచింది, చివరికి పట్టేసింది. తిరగలేని మోటారు కరెంటు ఎక్కువ లాగి బ్రేకర్‌ని పడేసింది. మార్చిలోనే సీల్ మార్చి ఉంటే పాతిక ముప్పై డాలర్ల పార్టుతో పోయేది.

మన ఊళ్లో అయితే మోటారు స్కూటర్ మీద వేసుకుని షాపుకి తీసుకెళ్తే బేరింగులు మారుస్తారు, వైండింగ్ కాలితే కొత్త రాగి తీగ చుడతారు. అక్కడ ఇంత చిన్న మోటారుకి ఆ పని చేసే చోటు దొరకడమే కష్టం. దొరికినా గంట కూలీ లెక్కేస్తే కొత్త మోటారుకి దగ్గరగా వస్తుంది. పైగా ఈ మోటారుకి తొమ్మిదేళ్లు. కాబట్టి మార్చడమే అని ఫిక్స్ అయ్యాం.

నేమ్‌ప్లేట్: అసలు స్పెక్ షీట్ ఇదే

బావ ఫోన్‌లో మాక్రో మోడ్ పెట్టి మోటారు మీద స్టిక్కర్ ఫోటో పంపారు. అందులో చూడాల్సినవి నాలుగు.

హెచ్‌పీ, సర్వీస్ ఫ్యాక్టర్: ఇక్కడే పెద్ద మార్కెటింగ్ మాయ ఉంది. మోటారు అసలు కెపాసిటీ తెలియాలంటే హెచ్‌పీని సర్వీస్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. బావ మోటారు 1.5 హెచ్‌పీ, సర్వీస్ ఫ్యాక్టర్ 1.1. అంటే టోటల్ 1.65. ఇంకో మోటారు మీద 1 హెచ్‌పీ, సర్వీస్ ఫ్యాక్టర్ 1.65 అని ఉంటే దాని టోటల్ కూడా 1.65. అంటే రెండూ ఒకే సైజు మోటార్లు. ఒకదాని మీద పెద్ద నంబర్ కనబడుతుంది, అంతే. కెమెరా మెగాపిక్సెల్స్ కథ గుర్తొస్తోందా?

వోల్టేజ్: 115 లేదా 230. బావ ఇంట్లో లైన్ 230.

ఫ్రేమ్: మోటారు ముందు భాగం గుండ్రటి ఫ్లాంజా, చదరపు ఫ్లాంజా, షాఫ్ట్‌కి మరలు ఉన్నాయా లేదా అన్నది ఈ కోడ్ చెబుతుంది. 56జే అంటే మరలున్న షాఫ్ట్‌తో గుండ్రటి ఫేస్. 56వై, 48వై అయితే చదరం. ఇది మ్యాచ్ కాకపోతే మోటారు బిగించలేం. మదర్‌బోర్డ్ సాకెట్, ప్రాసెసర్ మ్యాచ్ చేసినట్టే.

స్పీడ్: పాతది 3,450 ఆర్‌పీఎం, సింగిల్ స్పీడ్. ఆన్ చేస్తే ఫుల్ స్పీడ్, లేకపోతే ఆఫ్.

"ఎలాగూ మారుస్తున్నాం కదా, 2 హెచ్‌పీ వేసేస్తే?" అని బావ అడిగారు. వద్దన్నా. పైపులు, ఫిల్టర్, ఇంపెల్లర్ అన్నీ పాత సైజుకి లెక్కేసి పెట్టినవి. ఇంకా ముఖ్యమైన విషయం, పూల్ అడుగున ఉండే డ్రెయిన్ మూతకి ఇంత ఫ్లో వరకే సేఫ్ అని ఒక లిమిట్ ఉంటుంది. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ డ్రెయిన్ లాగుడుకి అతుక్కుపోయి చనిపోయింది. 2007లో అమెరికా తెచ్చిన పూల్ సేఫ్టీ చట్టానికి ఆ పాప పేరే పెట్టారు. ఫోన్‌లో ర్యామ్ ఎక్కువైతే నష్టం లేదు. పూల్‌లో హెచ్‌పీ ఎక్కువైతే ఉంది.

మూడు ఆప్షన్లు, మూడు రేట్లు

బుధవారానికి మా దగ్గర మూడు లెక్కలు తయారయ్యాయి. ఇవి బావకి వచ్చిన రేట్లు. మీ ఊరిని బట్టి మారతాయి.

ఆప్షన్ ఎ: అలాంటిదే సింగిల్ స్పీడ్ మోటారు, ఒక లోకల్ టెక్నీషియన్ బిగించి ఇస్తే 650 డాలర్లు.

ఆప్షన్ బి: పాత వెట్ ఎండ్ ఉంచేసి, దానికే సరిపోయే వేరియబుల్ స్పీడ్ మోటారు ఆన్‌లైన్‌లో 640. సీల్, గాస్కెట్ కిట్ 35. వైరింగ్‌కి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ 200. మొత్తం 875.

ఆప్షన్ సి: పూల్ కంపెనీ చెప్పిన కొత్త వేరియబుల్ స్పీడ్ పంప్, ఫిట్టింగ్‌తో సహా 2,150. మన డబ్బుల్లో లక్షన్నర దాటుతుంది.

అక్క వెంటనే "650ది వేయించేయండి, గొడవ వదిలిపోతుంది" అంది. ఎవరైనా అదే అంటారు. కానీ ఫోన్ కొనేటప్పుడు ఈఎంఐ మొత్తం కూడి చూడమని మనం చెబుతాం కదా. ఇక్కడ ఆ ఈఎంఐ పేరు కరెంటు బిల్లు.

క్యూబ్ రూల్: స్పీడ్ సగం చేస్తే పవర్ ఎనిమిదో వంతు

ఈ మొత్తం ఆర్టికల్‌లో ఒక్క విషయం గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. ఇలాంటి పంపుల్లో స్పీడ్ సగం చేస్తే నీటి ఫ్లో సగం అవుతుంది. కానీ పవర్ మాత్రం స్పీడ్ క్యూబ్‌ని బట్టి మారుతుంది. సగం, సగం, సగం గుణిస్తే ఎనిమిదో వంతు. నీళ్లు మెల్లగా పోతే పైపుల్లో రాపిడి బాగా తగ్గుతుంది, అందుకే ఇంత తేడా.

ప్రాసెసర్‌ని తక్కువ క్లాక్‌లో నడిపితే వోల్టేజ్ కూడా తగ్గి బ్యాటరీ ఎక్కువ మిగులుతుంది కదా, లాజిక్ దాదాపు అదే. వేరియబుల్ స్పీడ్ మోటార్లలో చాలావాటికి లోపల పర్మనెంట్ మాగ్నెట్, పైన ఎలక్ట్రానిక్ డ్రైవ్ ఉంటాయి. మన ఇళ్లలో బీఎల్‌డీసీ ఫ్యాన్ టెక్నాలజీకి అన్నయ్య అనుకోండి.

ఇప్పుడు లెక్క. బావ పూల్ 15,000 గ్యాలన్లు, అంటే సుమారు 57 వేల లీటర్లు. పాత మోటారు 1,800 వాట్లు లాగుతూ రోజుకి 8 గంటలు నడిచేది. అంటే రోజుకి 14.4 యూనిట్లు, ఏడాదికి 5,256. యూనిట్ 15 సెంట్ల చొప్పున ఏడాదికి 788 డాలర్లు.

అదే నీటిని సగం స్పీడ్‌లో తిప్పాలంటే 16 గంటలు పడుతుంది. థియరీ ప్రకారం 225 వాట్లు చాలు. రియల్ లైఫ్‌లో తక్కువ స్పీడ్‌లో ఎఫిషియెన్సీ కొంత తగ్గుతుంది, డ్రైవ్ కూడా కొంత తింటుంది. అందుకే 300 వాట్లు అనుకున్నాం. 16 గంటలకి 4.8 యూనిట్లు, ఏడాదికి 1,752 యూనిట్లు, 263 డాలర్లు.

తేడా ఏడాదికి 525 డాలర్లు! ఇప్పుడు మోటారు రేటు, ఐదేళ్ల కరెంటు కలిపి చూడండి.

ఆప్షన్ ఎ: 650 ప్లస్ 3,940, మొత్తం 4,590 డాలర్లు.
ఆప్షన్ బి: 875 ప్లస్ 1,315, మొత్తం 2,190 డాలర్లు.
ఆప్షన్ సి: 2,150 ప్లస్ 1,315, మొత్తం 3,465 డాలర్లు.

అన్నిటికంటే చవకగా కనబడిన 650 డాలర్ల మోటారే ఐదేళ్లలో అన్నిటికంటే ఖరీదు. బావకి ఖరీదుగా అనిపించిన 2,150 కూడా దానికంటే నయం. ఎ కంటే బి కి ఎక్కువ పెట్టేది 225 డాలర్లే, అది దాదాపు ఐదు నెలల్లో వచ్చేస్తుంది. సి కి ఎక్కువ పెట్టే 1,500 రావడానికి దాదాపు మూడేళ్లు.

షీట్ షేర్ చేశాక అక్క ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే తొమ్మిదేళ్ల నుంచి మనం ఎంత కట్టామో?" అంది. ఆ లెక్క నేను వేయలేదు, బావ కూడా అడగలేదు.

ఇక్కడ ఒక బ్రేక్: అందరికీ ఇదే లెక్క రాదు

టెక్సస్‌లో పూల్ ఏడాదంతా తెరిచే ఉంచుతారు. చలికాలంలో గడ్డకట్టకుండా కూడా పంప్ నడపాలి. కానీ మిషిగన్‌లాంటి చోట్ల పూల్ నాలుగు నెలలే నడుస్తుంది అనుకుందాం. అప్పుడు అదే యూనిట్ రేటుకి ఏడాదికి మిగిలేది 173 డాలర్లే. ఆప్షన్ సి కి ఎక్కువ పెట్టిన డబ్బు రావాలంటే దాదాపు తొమ్మిదేళ్లు. మీ యూనిట్ రేటు, మీ నెలలు, మీ గంటలు పెట్టి మీరే లెక్క వేసుకోండి.

వేరియబుల్ స్పీడ్‌కి మైనస్‌లు కూడా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ డ్రైవ్ పిడుగులకి, వోల్టేజ్ సర్జ్‌లకి సెన్సిటివ్. అది పోతే రిపేర్ చవక కాదు, కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్ ఖర్చు కూడా కలుపుకోండి. ఉప్పు క్లోరినేటర్ ఉంటే దానికి ఒక మినిమమ్ ఫ్లో కావాలి. క్లీనర్ నడిచే గంటల్లో స్పీడ్ పెంచాలి. ఆన్‌లైన్‌లో కొని మనమే బిగించుకుంటే కొన్ని కంపెనీలు వారంటీ తగ్గిస్తాయి. వెట్ ఎండ్‌లో పగుళ్లు ఉన్నా, పార్టులు దొరకని పాత మోడల్ అయినా ఆప్షన్ బి మర్చిపోండి, సి కి వెళ్లడమే కరెక్ట్.

రూల్స్ సంగతి కూడా తెలుసుకోవాలి. అమెరికా ఇంధన శాఖ 2021 జూలై 19 నుంచి కొత్త పూల్ పంపులకి ఎఫిషియెన్సీ స్టాండర్డ్ పెట్టింది. దాంతో భూమిలో కట్టిన పూల్స్‌కి వాడే మామూలు సైజు ఫిల్టర్ పంపులు దాదాపు వేరియబుల్ స్పీడ్‌కి మారిపోయాయి. విడి మోటార్లు మాత్రం అందులో లేవు. ఆ గ్యాప్ మూయడానికి 2023లో ఇంకో రూల్ వచ్చింది. టోటల్ హెచ్‌పీ 1.15 నుంచి 5 వరకు ఉన్న మోటార్లకి అందులో పెట్టిన తేదీ 2025 సెప్టెంబర్ 29. రూల్ తయారీకి, దిగుమతికి వర్తిస్తుంది, గోడౌన్‌లో ఉన్న పాత స్టాక్‌కి కాదు. కాబట్టి ఎవరైనా "చవగ్గా సింగిల్ స్పీడ్ ఉంది" అంటే, అది మిగిలిపోయిన స్టాక్ కావచ్చని గుర్తుంచుకోండి.

ఫిట్టింగ్ రోజు: రాగి తీగ కథ

బావ ఆప్షన్ బి కి వెళ్లారు. మోటారు వచ్చేదాకా రోజూ సాయంత్రం లిక్విడ్ క్లోరిన్ పోసి, బ్రష్‌తో నీళ్లు కదిపారు. పగలు పోస్తే ఎండకి క్లోరిన్ విరిగిపోతుంది, అందుకే సాయంత్రం.

గురువారం రాత్రి మోటారు వచ్చింది. శుక్రవారం పొద్దున బావ బోల్టులు విప్పి పాతది తీసి, ఇంపెల్లర్ మార్చి, కొత్త సీల్ వేశారు. మోటారు ఊడదీసిన ప్రతిసారీ సీల్ కొత్తదే వేయాలి. సీల్ మెరిసే ముఖాన్ని వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటితే కారడం మొదలవుతుంది.

అంతా అయ్యాక నాకు ఫోటో పంపారు. "ఎలక్ట్రీషియన్ సాయంత్రం వస్తానన్నాడు. వైర్లు నాలుగే కదా, నేనే కలిపేయనా?"

ఫోటో జూమ్ చేశా. మోటారు పక్కన ఒక మందపాటి, తొడుగు లేని రాగి తీగ నేల మీద ఊరికే పడి ఉంది.

"బావా, ఆ రాగి తీగ దేనికి?"

"ఏమో, పాత మోటారు బాడీకి ఉండేది. కొత్తదానికి కనెక్షన్ ఎక్కడా కనబడలేదు."

అది బాండింగ్ వైర్. పూల్ చుట్టూ ఉన్న లోహపు భాగాలన్నిటినీ మోటారు బాడీతో కలుపుతుంది. ఎక్కడైనా కరెంటు లీకైనా నీళ్లలో ఉన్నవాళ్లకి వోల్టేజ్ తేడా తగలకుండా చూస్తుంది. అది లేకపోయినా మోటారు చక్కగా తిరుగుతుంది, ఏ యాప్‌లోనూ ఎర్రర్ రాదు. తేడా తెలిసేది ప్రమాదం జరిగిన రోజే. శనివారం అదే నీళ్లలో పదిహేను మంది పిల్లలు.

"బావా, 200 డాలర్లు మిగల్చొద్దు. ఎలక్ట్రీషియన్‌నే రానివ్వండి" అన్నా. ఆయన వచ్చి మోటారు బాడీ మీదే ఉన్న లగ్‌కి ఆ తీగ బిగించి, గ్రౌండ్ ఫాల్ట్ బ్రేకర్ టెస్ట్ చేసి వెళ్లారు. ఆ రాత్రి 1,725 ఆర్‌పీఎం దగ్గర డిస్‌ప్లే 304 వాట్లు చూపించింది. "నిజంగా నడుస్తోందా అని చెవి పెట్టి వినాల్సొచ్చింది" అన్నారు బావ.

మన దగ్గర ఉన్నవాళ్లకి

హైదరాబాద్ విల్లాల్లో, అపార్ట్‌మెంట్లలో పూల్స్ ఉన్నవాళ్లకి ఒక మాట. అమెరికా నుంచి మోటారు తెప్పించుకునే ఐడియా వద్దు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఇక్కడ అలాంటి మోటారు సుమారు 2,880 ఆర్‌పీఎం దగ్గరే తిరుగుతుంది. కానీ క్యూబ్ రూల్‌కి దేశంతో పని లేదు. అసోసియేషన్ మీటింగ్‌లో "మోటారు మార్చాలి" అనే మాట వస్తే, మోటారు రేటుతో పాటు రోజుకి ఎన్ని యూనిట్లు తింటుందో కూడా అడగండి.

ఫైనల్ వర్డిక్ట్

పంప్ కింద తడి కనబడితే ఆ వారమే సీల్ మార్చండి. మూలిగితే కెపాసిటర్ చూడండి, అరిచి ఆగితే బేరింగ్. వెట్ ఎండ్ బాగుండి, పూల్ ఏడాదంతా నడిస్తే వేరియబుల్ స్పీడ్ మోటారు బెస్ట్ వాల్యూ. వెట్ ఎండ్ పోతే పంప్ మొత్తం మార్చండి. పూల్ ఏడాదంతా నడిచేచోట సింగిల్ స్పీడ్ రేటు చూసి టెంప్ట్ అవ్వొద్దు. వైరింగ్, బాండింగ్ దగ్గర మాత్రం యూట్యూబ్ చూసి ఇంజినీర్ అవ్వొద్దు.

శనివారం పార్టీ వీడియో వచ్చింది. నీళ్లు కొంచెం మసకగా ఉన్నాయి కానీ నీలంగానే ఉన్నాయి. నాన్న ఆ వీడియో రెండుసార్లు చూసి, మనవరాలి గురించి ఒక్క మాట అనకుండా "పంప్ కింద ఆరిందా లేదా చూపించమను" అన్నారు. బావ వెంటనే ఫోటో పెట్టారు. దిమ్మ పొడిగానే ఉంది.